వార్మ్ సౌండ్ చిప్‌లోంచి రాదు

పాత కోరస్ పెడల్ (ఒకే గిటార్‌ని రెండు మూడు కలిసి మోగినట్టు వినిపించే, కాలితో తొక్కే చిన్న పెట్టె) ఒకటి రిపేరుకని నా దగ్గరికి వచ్చింది, "చిప్ పోయింది" అన్న తీర్పుతో సహా. స్విచ్ తొక్కితే లైటు వెలుగుతుంది, గిటార్ మామూలుగా వినిపిస్తుంది, కోరస్ మాత్రం లేదు. అడిగిన వాళ్లందరూ ఒకే మాట చెప్పారు. లోపలున్న డిలే చిప్, అంటే సౌండ్‌ని కాస్త ఆలస్యం చేసేది, చచ్చిపోయి ఉంటుంది, అది ఇప్పుడు దొరకదు, దొరికినా ఒరిజినల్ దొరకదు, ఒరిజినల్ కాకపోతే ఆ సౌండ్ రాదు. నేనూ నమ్మేశాను. ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర "ఒరిజినల్, వాడని పాత స్టాక్" అని పెట్టి ఉన్న ఎంఎన్3007 అనే ఆ డిలే చిప్ ఆర్డర్ చేసి, మూడు వారాలు ఎదురుచూసి, పాత చిప్ ఊడదీసి, అక్కడ సాకెట్ వేసి కొత్తది పెట్టాను. ఏమీ మారలేదు.

మొట్టమొదట చేయాల్సిన పని అప్పుడు చేశాను, అంటే చిప్‌ని నడిపించే టిక్‌టిక్ సిగ్నల్, క్లాక్, వస్తోందా లేదా అని చూడటం. డిలే చిప్ పక్కనే దానికి క్లాక్ ఇచ్చే ఇంకో చిన్న చిప్ ఉంటుంది. దాని అవుట్‌పుట్ కాలి మీద స్కోప్ (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపే పరికరం) ప్రోబ్ పెడితే తెర మీద గీత కదలకుండా పడి ఉంది. బోర్డు తిప్పి భూతద్దంతో వెతికితే టైమింగ్ కెపాసిటర్ కాలి చుట్టూ సోల్డర్‌లో వెంట్రుకంత సన్నటి పగులు, ఉంగరంలా గుండ్రంగా. సోల్డరింగ్ ఐరన్ ఒక్క క్షణం తాకించాను, అంతే, తెర నిండా చదరపు అలలు, స్పీకర్లోంచి కోరస్. తర్వాత కొన్న చిప్ తీసేసి పాతదాన్నే సాకెట్‌లో పెట్టి చూశాను. అదీ పనిచేసింది! దానికి అసలు ఏ రోగమూ లేదు.

ఇక కొన్న చిప్ మీద అనుమానం వచ్చింది. దూదికి అసిటోన్ అద్ది దాని వీపు మీద రుద్దితే పైనున్న నల్లటి పూత అక్షరాలతో సహా దూదికి అంటుకుని వచ్చేసింది. అడుగున ఏ నంబరూ లేదు, సానపట్టిన గీతలు మాత్రం ఉన్నాయి. ఎవరో ఏదో చిప్ తీసుకుని, దాని పేరు గీకేసి, కొత్త రంగు వేసి, గిరాకీ ఉన్న పేరు అచ్చేశారన్నమాట. మోసపోయానన్న కోపం ఉంది, ఇప్పటికీ ఉంది, కానీ అంతకన్నా ఎక్కువగా నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. ఆ దొంగ చిప్ పెట్టినప్పుడు కూడా కోరస్ వచ్చింది కదా, మరి దాని సౌండ్ ఎందుకు తక్కువ? అసలు తక్కువేనా? దీని మీద చాలా రోజులు కూర్చున్నాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: పాత అనలాగ్ డిలే, కోరస్ పెడల్స్‌లో మనం "వార్మ్", అంటే వెచ్చగా, మెత్తగా ఉందని మురిసిపోయే సౌండ్‌లో చాలా భాగం ఆ చిప్‌ది కాదు. చిప్ లోపాలు బయట పడకుండా చుట్టూ కాపలా పెట్టిన మిగతా సర్క్యూట్‌ది. పాత చిప్‌ల కోసం జనం పెడుతున్న డబ్బూ పడుతున్న ఆరాటమూ తప్పు చోట పెడుతున్నారు.

ఇది ఒప్పించాలంటే ముందు ఆ చిప్ ఏం చేస్తుందో చెప్పాలి. దీన్ని బకెట్ బ్రిగేడ్ అంటారు, క్లుప్తంగా బీబీడీ. ఇల్లు అంటుకుంటే బావి దగ్గర్నుంచి ఇంటిదాకా మనుషులు వరుసగా నిలబడి, ఉన్న చోటు నుంచి కదలకుండా నీళ్ల బకెట్లు చేతి నుంచి చేతికి అందించుకుంటారే, పేరు అక్కడిదే. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు ఈ ఆలోచనను సర్క్యూట్‌గా మలిచారు. (కెమెరాల్లో వాడిన సీసీడీ కూడా అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది, దానికి 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండూ ఒకే కుటుంబం, చార్జిని ఒక గదిలోంచి పక్క గదిలోకి తోసుకుంటూ పోవడమే పని.) బీబీడీలో ఒక్కో మెట్టులో ఒక చిన్న కెపాసిటర్, దాన్ని తెరిచి మూసే ట్రాన్సిస్టర్. వచ్చిన సిగ్నల్ ఆ క్షణంలో ఎంత ఎత్తులో ఉందో అంత చార్జి మొదటి బకెట్లో పడుతుంది, క్లాక్ టిక్కుమన్నప్పుడల్లా ఒక అడుగు ముందుకు జరుగుతుంది, చివరి బకెట్ దాటాక బయటికి వస్తుంది. ఈ ప్రయాణానికి పట్టిన సమయమే డిలే.

ఒకే మనిషి ఒకే క్షణంలో బకెట్ ఇస్తూ ఇంకోటి పుచ్చుకోలేడు కాబట్టి క్లాక్ రెండు ఉంటాయి, ఒకటి పైకి వెళ్లినప్పుడు ఇంకోటి కిందికి. సరి సంఖ్య వాళ్లు ఇస్తుంటే బేసి సంఖ్య వాళ్లు పుచ్చుకుంటారు. అందుకే 1024 మెట్లున్న ఎంఎన్3007లో ఏ క్షణంలో చూసినా 512 బకెట్లలోనే సరుకు ఉంటుంది, మిగతావి ఖాళీ చేతులు. మెట్ల సంఖ్యను క్లాక్ వేగానికి రెట్టింపుతో భాగిస్తే డిలే వస్తుంది. క్లాక్ 100 కిలోహెర్ట్జ్ అయితే 5.12 మిల్లీసెకన్లు, 10 కిలోహెర్ట్జ్‌కి తగ్గిస్తే 51.2 మిల్లీసెకన్లు. కోరస్‌కి, ఫ్లాంజర్‌కి (విమానం దూసుకుపోయినట్టుండే సౌండ్ ఇచ్చేది) ఇది చాలు. ఎకో కావాలంటే పొడుగు వరుస కావాలి, అందుకే 4096 మెట్ల ఎంఎన్3005కి అంత పేరు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అనలాగ్ అంటే సిగ్నల్‌ని ముక్కలు చేయకుండా ఏకధారగా పంపేది అని చాలామంది అనుకుంటున్నారు. బీబీడీ సిగ్నల్‌ని ముక్కలు చేస్తుంది. డిజిటల్ పెడల్ ఎలా సెకనుకి ఇన్నిసార్లు కొలుస్తుందో ఇదీ అలాగే కొలుస్తుంది. తేడా ఒక్కటే, కొలిచినదాన్ని అంకెగా మార్చదు, బకెట్లో నీళ్లు ఎంత ఉంటే అంత అలాగే మోస్తుంది. కాలాన్ని మాత్రం ముక్కలు చేస్తుంది. కాబట్టి శాంప్లింగ్‌తో వచ్చే తంటాలన్నీ దీనికీ ఉన్నాయి. క్లాక్ వేగంలో సగానికి మించిన ఫ్రీక్వెన్సీ లోపలికి వెళ్లనిస్తే అది మడత పడి, పాటలో లేని ఏదో వికారమైన స్వరంగా తిరిగొస్తుంది. అందుకని చిప్ ముందు ఒక ఫిల్టర్, ఆ పై ఫ్రీక్వెన్సీల్ని కోసేయడానికి. చిప్ వెనక ఇంకో ఫిల్టర్, బయటికి వచ్చే మెట్లమెట్ల అలను నున్నగా చేయడానికి, క్లాక్ ఈలని ఆపడానికి.

ఇప్పుడు లెక్క వేద్దాం. 1981లో వచ్చిన బాస్ డీఎం-2 డిలే తీసుకోండి. మొదట్లో వచ్చిన వాటిలో ఒకే ఒక ఎంఎన్3005, గరిష్ఠంగా 300 మిల్లీసెకన్ల ఎకో. 4096 మెట్లంటే 2048 బకెట్లు. 2048 కొలతల్ని 0.3 సెకన్లకు సర్దితే క్లాక్ సుమారు 6.8 కిలోహెర్ట్జ్. అందులో సగం 3.4 కిలోహెర్ట్జ్. అంటే నాబ్ చివరిదాకా తిప్పినప్పుడు, ఎంత గొప్ప ఇంజనీరైనా, 3.4 కిలోహెర్ట్జ్ పైనున్నదేదీ ఆ చిప్‌లోంచి నిజాయితీగా బయటికి తేలేడు. పాత టెలిఫోన్ లైన్ మీద మాట వినిపించే పరిధి 300 నుంచి 3400 హెర్ట్జ్. మనం గుండెకి హత్తుకునే వెచ్చటి ఎకో అంటున్నదానికి పైన గీసిన గీత సరిగ్గా పాత ఫోన్‌దే! పైగా 6.8 కిలోహెర్ట్జ్ క్లాక్ అంటే చెవికి స్పష్టంగా వినిపించే ఈల, దాన్ని తొక్కిపెట్టకపోతే పెడల్ వాడలేం. కాబట్టి ఫిల్టర్ వేసినవాడు సౌండ్ అందంగా ఉండాలని వేయలేదు, వేరే దారి లేక వేశాడు. మనకు వినిపిస్తున్నది ఆ ఫిల్టర్.

మరి ఎందుకు అంత బాగుంటుంది? బాగుంటుందన్న మాటలో నాకు ఏ సందేహమూ లేదు, నేను కోరుకునే ఎకో ఇదే. దూరం నుంచి వచ్చే శబ్దంలో పదును తగ్గుతుంది, గాలి పై ఫ్రీక్వెన్సీల్ని ముందు తినేస్తుంది, గోడలూ గుడ్డలూ వాటినే ముందు పీల్చుకుంటాయి. చెవికి ఇది పుట్టినప్పటి నుంచి తెలుసు. అందుకని పదును తగ్గిన శబ్దం వింటే అది వెనక్కి జరిగినట్టు అనిపిస్తుంది. బీబీడీ డిలేలో ఎకోని మళ్లీ లోపలికి పంపినప్పుడు అది మళ్లీ అవే ఫిల్టర్ల గుండా వెళ్తుంది. ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర మొదటిసారి 3 డెసిబెల్స్ తగ్గితే రెండోసారికి 6, మూడోసారికి 9. ప్రతి ఎకో ముందుదానికన్నా ఒక గది వెనక్కి వెళ్తుంది. వాయించేవాడు కొత్త స్వరం కొట్టినప్పుడు దాని మొనలో ఉండే పదును, అంటే మీటు తీగకి తగిలిన ఆ టక్కు, పాత ఎకోల మధ్య కూడా తేటగా వినిపిస్తుంది, ఎందుకంటే ఆ చోటులో అడ్డుపడేది ఏదీ లేదు. అద్దంలా శుభ్రమైన డిజిటల్ ఎకో వేసి వేగంగా వాయించి చూడండి, నాలుగో స్వరానికి ఏది ఇప్పటిదో ఏది ఇందాకటిదో తెలియక గందరగోళం. కానీ గమనించండి, ఇప్పుడు చెప్పిన గుణమంతా ఫిల్టర్‌దే. చిప్ చేసిన పని ఆ ఫిల్టర్ తప్పనిసరి అయ్యేలా చేయడం.

రెండో కాపలాదారు కంపాండర్. ఆ చిప్‌ల్లో సుయ్‌మనే నాయిస్ ఎక్కువ, వేల మెట్లు దాటేసరికి ప్రతి మెట్టూ కాస్త కాస్త కలుపుతుంది. అందుకని లోపలికి వెళ్లేముందు సిగ్నల్‌ని నొక్కుతారు, బయటికి వచ్చాక మళ్లీ సాగదీస్తారు. సిగ్నెటిక్స్ వాళ్ల ఎన్ఈ570, 571 చిప్‌లు ఈ పనికి చాలా పెడల్స్‌లో కనిపిస్తాయి, రెండుకి ఒకటి చొప్పున నొక్కుతాయి, అంటే 60 డెసిబెల్స్ తేడా 30లోకి కుదించుకుపోతుంది. మెల్లగా ఉన్న శబ్దం పైకి లేచి నాయిస్ కన్నా ఎత్తులో ప్రయాణం చేసి, అవతలి ఒడ్డున మళ్లీ కిందికి దిగుతుంది, దిగేటప్పుడు నాయిస్‌ని కూడా తనతో పాటే తొక్కేస్తుంది. ఇది వినడానికి ఉపాయంలా ఉన్నా దానికంటూ ఒక ముద్ర ఉంది. నొక్కేవాడూ సాగదీసేవాడూ సిగ్నల్ ఎత్తుని కాస్త ఆలస్యంగా పసిగడతారు. అందువల్ల ఎకో మొదటి అంచు కొద్దిగా మెత్తబడుతుంది, తోక చివర్లో నాయిస్ కూడా స్వరంతో పాటే ఊపిరి వదిలినట్టు తగ్గుతుంది. పాత డిలే మీద ఒక్క స్వరం కొట్టి, వాల్యూమ్ బాగా పెంచి, చివరి ఎకో దాకా చెవి ఆనించి వినండి. స్వరం పోయాక దాని వెనకే సన్నటి సుయ్ ఒకటి నడుచుకుంటూ వెళ్లిపోతుంది. చాలామంది దీన్ని చిప్‌కి ప్రాణం ఉందనడానికి సాక్ష్యంగా చెబుతారు. అది కంపాండర్‌లో ఓ కెపాసిటర్ విలువ, మార్చి చూస్తే ఆ నడక వేగం మారుతుంది.

మూడోది బయాస్, నా కథ తిరిగింది దీని దగ్గరే. బకెట్లోకి నీళ్లు సగం మట్టంలో మొదలవ్వాలి, అప్పుడే అల పైకి లేచినా కిందికి దిగినా చోటుంటుంది. మట్టం ఎక్కువైతే పై కొనలు తెగుతాయి, తక్కువైతే కింది కొనలు. ఆ సరైన మట్టం ఏ రెండు చిప్‌లకీ సరిగ్గా ఒకటి కాదు, ఒకే కంపెనీ ఒకే పెట్టెలోంచి తీసినవైనా సరే. అందుకే ఆ మట్టం సరిచేయడానికి బోర్డు మీద చిన్న ట్రిమ్మర్, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పే బుల్లి నాబ్, ఉంటుంది. నేను కొన్న చిప్‌ని మొదట పెట్టినప్పుడు ట్రిమ్మర్ ముట్టుకోలేదు. విన్నాను, మెల్లగా వాయిస్తే ఫర్వాలేదు, గట్టిగా మీటితే చిరచిరమంటోంది. తీసి పాతది పెడితే మళ్లీ హాయిగా ఉంది. ఆ రోజు అక్కడితో ఆపి ఉంటే "ఒరిజినల్‌కీ నకిలీకీ తేడా స్వయంగా విన్నాను" అని ఈపాటికి ఊరంతా చాటేవాణ్ణి, అబద్ధమని తెలియకుండానే.

ఆపలేదు. మళ్లీ కొన్న చిప్ పెట్టి, లోపలికి 1 కిలోహెర్ట్జ్ సైన్ అల పంపి, చిప్ బయటి కాలి మీద ప్రోబ్ పెట్టి, అల కొనలు తెగేదాకా ఎత్తు పెంచాను. పై కొన కత్తితో కోసినట్టు చదునుగా ఉంది, కింది కొన ఇంకా గుండ్రంగానే ఉంది. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ట్రిమ్మర్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే పై కొన మెల్లగా గుండ్రమవుతూ, కింది కొన తెగడం మొదలైంది. రెండూ సమానంగా తెగే చోట ఆపి, ఎత్తు తగ్గించాను. మొత్తం రెండు నిమిషాల పని. చిరచిర మాయం.

తర్వాత ముందే రికార్డు చేసి పెట్టుకున్న ఒకే గిటార్ ముక్కని రెండు చిప్‌ల గుండా పంపాను, దేనికి తగ్గ బయాస్ దానికి పెట్టి. ఆ రికార్డింగులకి నా స్నేహితుడు తన ఇష్టం వచ్చిన పేర్లు పెట్టి, ఏది ఏదో నాకు చెప్పకుండా వరుస కలిపి వినిపించాడు. "ఇది ఏదో చెప్పు రా" అంటాడు, నేను కళ్లు మూసుకుని చెబుతాను. పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా ఇంచుమించు అంతే వస్తుంది. ఇది ఒక మనిషి ఒక పెడల్ మీద చేసిన చిన్న పరీక్షే, శాస్త్రం అని నేననను. కానీ ఒరిజినల్ చిప్ మాత్రమే పాడుతుందని చెప్పేవాళ్లలో ఎంతమంది బయాస్ సరిచేసి, కళ్లు మూసుకుని విన్నారు? చిప్ మార్చగానే బాగుపడిందన్న కథలు విన్నప్పుడల్లా నాకు తట్టేది ఒకటే, మారినది చిప్ అయి ఉండొచ్చు, బయాస్ అయి ఉండొచ్చు, సోల్డర్ పగులు అయి ఉండొచ్చు, మూడూ ఒకే పూట జరిగిపోతాయి.

అయితే చిప్ సొంతంగా చేసే గొప్ప పని ఒకటి ఉంది, దాన్ని తగ్గించి చెప్పను. క్లాక్ మారితే స్వరం వంగుతుంది. ఎంఎన్3005 లోపల 2048 బకెట్లు 10 కిలోహెర్ట్జ్ వేగంతో నిండి ఉన్నాయనుకోండి. ఇప్పుడు క్లాక్‌ని ఒక్కసారిగా 20 కిలోహెర్ట్జ్ చేస్తే లోపలున్న ఆ పాట అంతా రెట్టింపు వేగంతో బయటికి దొర్లుతుంది, ఒక ఆక్టేవ్ పైకి లేచి, 102.4 మిల్లీసెకన్లలో ఖాళీ అయ్యి, ఆపైన కొత్తగా వచ్చినది మళ్లీ మామూలు స్వరంలో వినిపిస్తుంది. నాబ్ తిప్పితే ఎకో జారుతూ ఎక్కడికో పడిపోయే ఆ అనుభూతి ఇదే. దీన్నే చాలా కొద్దిగా, మెల్లగా ఊపితే కోరస్. 1975లో రోలాండ్ జాజ్ కోరస్ ఆంప్‌లోనూ, మరుసటి ఏడాది పెడల్‌గా వచ్చిన బాస్ సీఈ-1లోనూ జరిగింది ఇదే. 1982 నాటి జూనో-60 సింథసైజర్‌లో ఒక్కో స్వరానికి ఒకే ఆసిలేటర్ (స్వరాన్ని పుట్టించే భాగం), తోడుగా దాని కింద మోగే ఒక సబ్, అంతే. అలాంటి బక్క సౌండ్‌ని 256 మెట్ల ఎంఎన్3009లు రెండింటి గుండా పంపి, ఒకదాంట్లో డిలే పెరుగుతుంటే ఇంకోదాంట్లో తగ్గేలా ఊపి, ఎడమా కుడీ చెవులకి పంచారు. జూనో కోరస్ బటన్ నొక్కగానే సుయ్‌మనే నాయిస్ వస్తుందని తెలిసి కూడా దాన్ని ఆపడానికి ఎవరికీ మనసు రాదు.

ఫ్లాంజర్ కూడా ఈ కోవలోదే, కాకపోతే డిలే ఇంకా చిన్నది. డిలే 1 మిల్లీసెకను అయినప్పుడు అసలు సిగ్నల్‌తో కలిపితే 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడతాయి, 2 మిల్లీసెకన్లకి పెంచితే అవే గుంటలు 250, 750, 1250కి జారతాయి. ఆ దువ్వెన పళ్లు పాట మీద పైకీ కిందికీ కదలడమే విమానం దూసుకుపోయినట్టుండే ఆ సౌండ్.

కానీ ఈ వంపు కూడా ఫలానా కంపెనీ చిప్‌లో దాక్కున్న రహస్యం కాదు, క్లాక్ మారే పద్ధతిది. దీనికి మంచి సాక్షి పీటీ2399. ఇది డిజిటల్ చిప్, లోపల 44 కిలోబిట్ల మెమరీ ఉంది, సిగ్నల్‌ని బిట్లుగా మార్చే దాస్తుంది. కానీ డిలే మార్చినప్పుడు దాని లోపలి క్లాక్ వేగమే మారుతుంది, కాబట్టి స్వరం బీబీడీలాగే జారుతుంది. డిలే పెంచేకొద్దీ నాయిస్ పెరుగుతుంది, అదీ బీబీడీలాగే. చుట్టూ గట్టి ఫిల్టర్లు వేయక తప్పదు. ఇంత అయ్యాక, దీనితో కట్టిన పెడల్స్‌ని విని "ఆహా, అనలాగ్ వార్మ్‌నెస్" అన్నవాళ్లని నేను చాలామందిని చూశాను. వాళ్ల చెవి తప్పేం కాదు. వాళ్లు విన్నది నిజంగానే ఉంది, దానికి పెట్టిన పేరు మాత్రం తప్పు.

కంప్యూటర్‌లో ఈ సౌండ్‌ని అనుకరించడానికి కూర్చున్నవాళ్లు కూడా ఇదే చోటికి చేరుకున్నారు. 2010లో కాలిన్ రఫెల్, జూలియస్ స్మిత్ బీబీడీ సర్క్యూట్లని మోడల్ చేస్తూ రాసిన పరిశోధనపత్రంలో చిప్‌తో పాటు ఫిల్టర్లనూ కంపాండర్‌నూ కూడా లెక్కలోకి తీసుకున్నారు. 2018లో మార్టిన్ హోల్టర్స్, జూలియన్ పార్కర్ ఇంకో అడుగు వేసి చిప్‌నీ దాని ముందూ వెనకా ఉండే ఫిల్టర్లనీ కలిపి ఒకే మోడల్‌గా రాశారు. నాకు ఇది చాలా అర్థవంతంగా అనిపించింది. లెక్క సరిగ్గా కట్టాలంటే ఫిల్టర్లని చిప్ నుంచి విడదీసి చూడటం కుదరదు, కానీ పెడల్ కొనేటప్పుడు మనం చూసేది చిప్ నంబరొక్కటే.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు, పాత చిప్‌ల నాణ్యత వేరు అంటారు. కొంత నిజం ఉంది. క్లాక్ బాగా నెమ్మదించినప్పుడు ఒక్కో బకెట్ ఎక్కువసేపు సరుకు పట్టుకుని నిలబడాలి, ఈలోపు చార్జి కారిపోతుంది, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి పోయేటప్పుడు కాస్త వెనక మిగిలిపోతుంది. ఈ కారడం, మిగలడం ఏ చిప్‌లో ఎంత అన్నది తయారీని బట్టి మారుతుంది. పొడుగు ఎకోల్లో, చిప్‌ని దాని డేటాషీట్ చెప్పినదానికన్నా నెమ్మదిగా నడిపే సర్క్యూట్లలో ఇది వినిపించగలదు. అక్కడ మంచి చిప్ కోసం వెతకండి, కాదనను. కానీ 5 నుంచి 15 మిల్లీసెకన్ల మధ్య తిరిగే కోరస్‌లో క్లాక్ పదుల కిలోహెర్ట్జ్‌లో పరిగెడుతుంటుంది, అక్కడ ఆ తేడా కోసం వెతకడం చీకట్లో నల్లదారం వెతకడమే.

పానాసోనిక్ పేరుతో మనకు తెలిసిన మత్సుషిత ఈ ఎంఎన్ చిప్‌లు ఆపేసి చాలా ఏళ్లయింది. తర్వాత బెల్లింగ్ బీఎల్3207 తెచ్చింది, కూల్ ఆడియో వీ3207 లాంటివి తెచ్చింది. వీటిని "కాపీలు" అని చులకనగా మాట్లాడటం నాకు బాధగా ఉంటుంది, ఇవి లేకపోతే కొత్తగా అనలాగ్ కోరస్ కట్టుకునే దారి చాలామందికి మూసుకుపోయేది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల మంచి చిప్‌లు కాలిపోతుంటాయి. 3007, 3207 రెండూ 1024 మెట్లే, కాళ్ల వరుస కూడా ఒకటే, అందుకని ఒకదాని బదులు ఇంకోటి పెట్టేయొచ్చు అనిపిస్తుంది. పెట్టకూడదు. 3007 లోపలి ట్రాన్సిస్టర్లు ఒక రకం, 3207 లోపలివి దానికి ఎదురు రకం. సప్లై దిక్కు తిరగబడుతుంది, వోల్టేజీ కూడా వేరు, 3207 తక్కువ వోల్టేజీకి చేసినది.

ఇంతకీ నేను అడిగేది ఏమిటంటే, పెడల్ తయారుచేసేవాళ్లు పెట్టె మీద "అసలైన పాత చిప్‌తో" అని పెద్ద అక్షరాలతో అచ్చేస్తున్నారు కదా, దాని కింద ఇంకో మూడు లైన్లు వేయండి. క్లాక్ ఎంత నుంచి ఎంతవరకు తిరుగుతుంది, ఫిల్టర్లు ఎక్కడి నుంచి కోస్తాయి, కంపాండర్ ఉందా లేదా. ఈ మూడూ తెలిస్తే కొనేవాడికి ఎకో ఎంత చీకటిగా ఉంటుందో, తోక ఎలా ఆరుతుందో వినకముందే ఒక అంచనా వస్తుంది. చిప్ పేరు ఒక్కటే తెలిస్తే ఏ అంచనా రాదు, పైగా ఆ పేరు మీద జరిగే దొంగ వ్యాపారానికి మనమే గిరాకీ పెంచుతున్నాం. పేరు కోసం జనం ఎగబడకపోతే సానపట్టి రంగేసి అమ్మాల్సిన అవసరం ఎవడికి వస్తుంది?

ఇంట్లో పాత పెడల్ పలకకుండా పడి ఉన్నవాళ్లు చిప్ ఆర్డర్ చేసే ముందు దయచేసి ఈ వరుసలో చూడండి. ముందు సప్లై వోల్టేజీ, తర్వాత రెండు క్లాక్ కాళ్ల మీదా అలలు వస్తున్నాయా అని, ఆ తర్వాత చిప్ లోపలికి వెళ్లే కాలి మీద సిగ్నల్, దాని బయాస్. స్కోప్ లేకపోతే ఫ్రీక్వెన్సీ కొలిచే మల్టీమీటర్‌తో కూడా క్లాక్ ఉందో లేదో తెలిసిపోతుంది. బయాస్‌ని చెవితోనే సరిచేయొచ్చు, గట్టిగా వాయిస్తూ ట్రిమ్మర్ తిప్పండి, చిరచిర మొదలయ్యే రెండు అంచులూ గుర్తుపెట్టుకుని వాటి నడిమధ్య ఆపండి. తిప్పే ముందు ట్రిమ్మర్ ఎక్కడుందో ఫోటో తీసి పెట్టుకోండి. ఇవన్నీ సరిగ్గా ఉండి, సిగ్నల్ లోపలికి వెళ్తూ బయటికి రాకపోతే, అప్పుడు చిప్‌ని అనుమానించండి.

నా దగ్గరికి వచ్చిన పెడల్‌ని పాత చిప్‌తోనే మూసి, యజమానికి ఇచ్చేశాను. కొన్న చిప్‌ని నేను కట్టుకుంటున్న ఇంకో కోరస్‌లో పెట్టాను, వీపు మీద పేరు లేకుండానే. ఆ బోర్డు మీద వెనక ఫిల్టర్ కెపాసిటర్లకి కూడా సాకెట్లు వేసి రోజుకో విలువ మార్చి వింటున్నాను. నిన్న పెట్టింది మరీ మూసుకుపోయినట్టుంది, ఇవాళ దాని సగం విలువ పెట్టి చూడాలి.